ఏటి ఒడ్డున గుల్లల దిబ్బ, మా ఇంట్లో కుంకుమ చిప్ప

మా ఆడపడుచు కూతురు సుజాత మాఘమాసం చివర్లో కల్లూరు నుంచి ఖమ్మం వచ్చింది. యూనివర్సిటీలో పరిశోధన చేస్తోంది. కాళ్లు కడుక్కుని సంచి పక్కన పెట్టీ పెట్టగానే, "అత్తమ్మా, నువ్వు నాతోని ఒకసారి రేలపాడు రావాలె" అంది. ఆ ఊరి పేరు ఇంకొకరి నోట విని ఎన్నేళ్లయిందో. రేలపాడు బూర్గంపాడుకు దిగువన, గోదావరి ఒడ్డున ముప్పై నలభై ఇళ్ల కోయగూడెం. డెబ్బయ్యో దశకం మొదట్లో మా వారు అక్కడ ఫారెస్టు గార్డుగా చేశారు. పెళ్లయిన కొత్తలో నేను మూడేళ్లు ఆ ఊళ్లోనే కాపురం చేశాను. ఇప్పుడు నాకు నలభై అయిదు. అక్కడి నుంచి వచ్చేశాక భద్రాచలం ఏటేటా వెళ్తూనే ఉన్నాను గాని, వంతెన ఇవతలే ఉన్న ఆ ఊరికి మాత్రం మళ్లీ వెళ్లలేదు. ఎందుకు వెళ్లలేదంటే చెప్పడానికి కారణం లేదు. ఏటికేడు వాయిదా పడింది, అంతే.

సుజాతకు నాతో పనేమిటంటే, రేలపాడు దగ్గర ఏటి గట్టు మీద ఒక పాత దిబ్బ ఉంది. పైన మట్టి, లోపలంతా ఆల్చిప్పలు. ఊళ్లోవాళ్లు గుల్లల దిబ్బ అంటారు. ఎన్ని తరాల కిందటివాళ్లో ఏటిలో ఆల్చిప్పలు పట్టి, లోపలి కండ తిని, చిప్పలు అక్కడ పారేస్తూ పోతే అది దిబ్బయింది. ఆ కాలంవాళ్లు ఏ రుతువులో ఆల్చిప్పలు పట్టేవారో ఆ చిప్పలనే అడిగి తెలుసుకోవడం సుజాత చదువు. దానికి తోడు, ఇప్పటికీ ఏట్లో దిగే ఆడవాళ్లు ఎప్పుడెప్పుడు దిగుతారో కూడా రాసుకోవాలి. కాని ఆమె వెళ్లి అడిగితే వాళ్లు నవ్వి తప్పుకుంటున్నారట. "మా అత్తమ్మ ఇక్కడ గార్డు సారు భార్య అని చెప్పిన. అప్పుడు ఒక పెద్దామె లేచి, ఆమెను తీసుకరా, ఆమెకే చెప్త అన్నది" అంది సుజాత. ఆ పెద్దామె ఎవరో పేరు చెప్పకముందే నాకు తెలిసింది, అక్కడున్న మూడేళ్లూ నాకు అక్కలా ఉన్నామె. ముత్తమ్మ.

మా వారికి మోకాళ్ల నొప్పులు, బస్సు ఎక్కలేరు. మేము బయల్దేరే ముందురోజు సాయంత్రం బజారుకు వెళ్లి ఒక ఉన్ని శాలువ కొనుక్కొచ్చారు. ముత్తమ్మకు ఇవ్వమన్నారు. ఫాల్గుణం వస్తుంటే శాలువ ఎందుకండీ, చీర కొనాల్సింది అన్నాను. "ఆమెకు చలెక్కువ" అని మాత్రం అన్నారు. నేను పెద్దగా పట్టించుకోలేదు.

ఖమ్మంలో తెల్లవారి ఐదింటి బస్సు ఎక్కాం. మీరు వెళ్లేట్టయితే మీరూ ఇదే ఎక్కండి, ఎండ ముదరకముందే ఏరు చూస్తారు. టికెట్టు ముప్పై రూపాయల లోపే. ఏడుంబావుకు కొత్తగూడెం, అక్కడ పది నిమిషాలు ఆపుతారు. పాల్వంచ దాటాక అడవి రెండువైపుల నుంచీ రోడ్డు మీదికి వస్తుంది. టేకు చెట్లు ఆకు రాల్చి ఉన్నాయి, మధ్యమధ్య మోదుగ పూసి ఉంది. నేను కొత్త కోడలిగా ఇదే దారిలో వచ్చినప్పుడు బస్సు పాల్వంచలోనే ఆగిపోతే, మా వారు ఒక కలప లారీ డ్రైవరును బతిమాలి ముందు సీట్లో కూర్చోబెట్టారు. లారీ అద్దంలోంచి చూసిన మోదుగలు ఇవేనా అని కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. చెట్లకు మన గుర్తు ఉండదు గాని మనకు వాటి గుర్తు ఉంటుంది.

సారపాక మీదుగా వంతెన దాటి, తొమ్మిదికి పావు తక్కువకు భద్రాచలంలో దిగాం. అంత దూరం వెళ్లి స్వామిని చూడకుండా ఏ పనీ మొదలుపెట్టలేను. ఏట్లో స్నానం చేసి, మెట్లెక్కి దర్శనం చేసుకునేసరికి పది దాటింది. మామూలు రోజుల్లో జనం తక్కువే, తొందర పెట్టేవాళ్లు లేరు. కిందికి వచ్చాక గుడి వీధిలో ఒక చిన్న మెస్సులో భోజనానికి కూర్చున్నాం. మా పుట్టింటివాళ్లు పెద్దల కాలం నుంచీ వైష్ణవ దీక్ష ఉన్నవాళ్లు. నాకు నీచు వాసన కూడా పడదు, పుట్టి బుద్ధెరిగాక ముట్టలేదు. అందుకే వంట చేస్తున్నామెను, గుడ్డు కూరలో పెట్టిన గరిటె పప్పులో పెట్టలేదు కదమ్మా అని మెల్లగా అడిగాను. ఆమె చెమట తుడుచుకుంటూ నా వైపు చూసింది.

"గుడ్డు గంటె ఏరు, పప్పు గంటె ఏరు. రామయ్య కాళ్లకాడ ఉన్నం, మాకు తెల్వదా తల్లీ? దినాం నీ అసుంటోళ్లు పదిమంది అడుగుతరు" అంది.

సుజాత తల దించుకుని నవ్వుకుంది. భోజనం పదిహేను రూపాయలు. మామిడికాయ పప్పు చాలా బాగుంది.

మళ్లీ వంతెన దాటి సారపాక వచ్చి, బూర్గంపాడు జీపు ఎక్కాం. మనిషికి ఐదు రూపాయలు, పన్నెండుమంది నిండితే గాని కదలదు. బూర్గంపాడు నుంచి రేలపాడుకు నాలుగు కిలోమీటర్లు మట్టిదారి, అదే జీపును విడిగా కిరాయికి మాట్లాడుకున్నాం. పోను నలభై అన్నాడు, సాయంత్రం వచ్చి తీసుకుపోవడానికి ఇంకో నలభై. దారికి రెండువైపులా మిరప కల్లాలు, ఎర్రటి కాయలు ఎండబోసి ఉన్నాయి. డ్రైవరు సుజాత సంచిలోని బ్రష్షులు, కాగితపు పొట్లాలు చూసి, దిబ్బలో బంగారం దొరికిందంట కదా అని అడిగాడు. చిప్పలేనన్నా అంది సుజాత.

"చిప్పలకోసం ఇంత దూరమా? మా ఇంటెనక రెండు బస్తాలున్నయ్. మా నాయన సున్నం కాల్చనీకె తెచ్చిండు. కిరాయి లేకుంట ఖమ్మంల దింపుత, తీసుకపో."

"మీ నాయన ఏ నెలల తెచ్చిండో చెప్తె తీసుకుంట."

"మా నాయనకు నేను పుట్టిన నెలనే యాదికి లేదు" అన్నాడు అతను. జీపులో నవ్వులే నవ్వులు.

ఆ దారిలోనే నేను సుజాతను అడిగాను, చిప్పను చూసి నెల ఎలా చెప్తారని. నేను పదో తరగతి దాకానే చదివాను, నాకు అర్థమయ్యేట్టు చెప్పమన్నాను. ఆల్చిప్ప బతికున్నంత కాలం అంచు మీద అంచు కట్టుకుంటూ పెరుగుతుందట, మనం గాజు పక్కన గాజు వేసుకున్నట్టు. ఆ అంచును అది ఆ రోజు ఏట్లో ఉన్న నీటితోనే కట్టుకుంటుంది. నీటిలో ఉండే ఆక్సిజన్‌లో తేలికది, బరువుది అని రెండు రకాలు ఉన్నాయట. ఎండాకాలం తేలిక నీరు ముందు ఆవిరైపోతుంది, ఏరు సన్నబడిపోయి బరువుది ఎక్కువగా మిగులుతుంది. పాలు మరిగిస్తే చిక్కబడ్డట్టన్నమాట. వానలు పడితే మళ్లీ తేలిక నీరు వచ్చి కలుస్తుంది, ఎండలు వచ్చేదాకా అదే ఎక్కువగా ఉంటుంది. ఆల్చిప్పను ఏట్లోంచి తీసిన రోజుతో దాని పెరుగుదల ఆగిపోతుంది కాబట్టి, చిట్టచివరి అంచులో ఏ నీరు ఉందో చూస్తే ఏ కాలంలో తీశారో తెలుస్తుంది. ఆ అంచు నుంచి చిటికెడు కన్నా తక్కువ పొడి గీకి యంత్రానికి ఇస్తారు. "అన్నిటికన్న అంచు ముఖ్యం అత్తమ్మా. అంచు విరిగితే ఆ చిప్ప నాకు మూగది" అంది. ఆ మాట నేను శ్రద్ధగా విన్నాను. విని కూడా ఏం చేశానో చెప్తాను.

ఊరి మొదట్లో జీపు ఆగేసరికి ఒంటిగంట కావస్తోంది. మేమున్న పెంకుటిల్లూ వాకిట్లో వేపచెట్టూ లేవు, ఆ చోట స్కూలు గది కట్టారు. బోరింగు వచ్చింది, కరెంటు వచ్చింది. ముత్తమ్మ తన ఇంటి ముందు చాటతో పెసలు చెరుగుతోంది. నాకన్నా పదేళ్లు పెద్ద, జుట్టు పూర్తిగా తెల్లబడింది. లేవకుండానే తలెత్తి చూసింది.

"వచ్చినవా గార్డమ్మా. ఇరవై ఏండ్లాయె. నువ్వు రావు, నీ పుస్తకాల పిల్లను తోలినవ్" అంది.

ఆ గూడెంలో నా పేరు ఎవరికీ తెలియదు, అందరికీ గార్డమ్మనే. శాలువ చేతిలో పెడితే మడత విప్పి భుజాన వేసుకుని, ఆ ఎండలో అలాగే కూర్చుంది. సారు పంపిండా అని అడిగింది. అవునన్నాను. మంచిగున్నడా అంది, అంతే.

నా కంటే సుజాతకు ఎక్కువ తొందర. పక్కన కూర్చుని పుస్తకం తీసి, గుల్లలు ఎప్పుడు తీస్తరు పెద్దమ్మా అని అడిగింది. ముత్తమ్మ ఈసారి తప్పుకోలేదు. ఏరు సన్నబడ్డాక, మాఘం పోయాక మొదలుపెట్టి రోహిణి ఎండలదాకా తీస్తారట. కాలి బొటనవేలితో ఇసుకలో తడిమి, గట్టిగా తగిలితే వంగి తీసుకోవడమేనట. ఒక్క వాన పడి నీళ్లు ఎర్రబడితే ఇక ఆ ఏటికి మానేస్తారట. మరి చలికాలం దిగరా అని సుజాత అడిగింది.

"చలికాలం ఏరు ఇంక లోతుంటది. నీళ్లు కోస్తయ్. ఎవరు దిగుతరు బిడ్డా, ప్రాణం మీదికొస్తె తప్ప."

సుజాత అంతా రాసుకుంది. నాకు నా ప్రశ్న ఒకటి ఇరవై ఏళ్లుగా మిగిలిపోయి ఉంది. రేలపాడులో ఉన్న రెండో ఏడు నాకు సన్నిపాత జ్వరం వచ్చి మూడు నెలలు మంచం మీదే ఉన్నాను. ఏది పెట్టినా ఇమడలేదు. అప్పుడు ముత్తమ్మ అడవి దుంపతో జావ కాచి, మిరియాలు వేసి పట్టించింది. చిక్కగా, కొంచెం ఉప్పగా, అదోలా ఉండేది. అదే నన్ను లేపింది. ఆ తర్వాత మా చుట్టాల్లో ఎవరికి నీరసం వచ్చినా ఆ దుంప కోసం మూలికలు అమ్మేవాళ్ల దగ్గర వెతికించాను, పేరు తెలియక దొరకలేదు. ఆ దుంప పేరేమిటి ముత్తమ్మక్కా అని అడిగాను. "ఏ దుంప?" అంది. గుర్తు చేశాను. చాట కింద పెట్టి, గింజలు రెండు ఏరి పారేసింది.

"ఆ, అదా. ఆ తీగె ఇప్పుడు అడవిల లేదు గార్డమ్మా, చచ్చింది" అంది. గుమ్మంలో నిలబడ్డ ఆమె కోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. నేను మంచి దుంప ఒకటి లోకంలో లేకుండా పోయిందని బాధపడ్డాను.

గుల్లల దిబ్బ ఊరికి పది నిమిషాల నడక, ముత్తమ్మ కూడా మా వెంట వచ్చింది. సుజాత వాళ్ల యూనివర్సిటీ సారు పోయిన నెలలోనే గుంట తవ్వించి, పైన రేకు కప్పి ఉంచారు. అనుమతి ఆ రోజుతో ఆఖరు. గుంట గోడలో చిప్పలు దొంతర్లుగా కనిపిస్తున్నాయి, బియ్యపు గాదె కోసి చూసినట్టు. వేలకొద్దీ ఉన్నాయి గాని ముట్టుకుంటే పెళుసు, ఒక్కదానికీ అంచు నిలిచి లేదు. కనీసం పది కావాలని సారు చెప్పారట. రెండున్నర గంటలు ముగ్గురం వంగి, బ్రష్షుతో మట్టి తీసుకుంటూ వెతికితే అంచు చెడనివి పన్నెండు దొరికాయి. పన్నెండో చిప్ప ముత్తమ్మకు దొరికింది. అరచేతిలో పెట్టుకుని, ఎవరు తిన్నరో తల్లి అంది. నేను దండం పెట్టుకున్నాను. ఎవరి ఇంటి ఎంగిలో, ఇన్నేళ్ల తర్వాత మా చేతికి వచ్చింది.

చిప్పలు ముత్తమ్మ వాకిట్లో కాగితం మీద పరిచి, ఏటి నీళ్లు సీసాల్లో పట్టుకురావాలని సుజాత ఒడ్డుకు వెళ్లింది. నేను చిప్పల దగ్గర కూర్చున్నాను. నల్లటి మట్టి అంటుకుని చూడబుద్ధి కావడం లేదు. పాపం పిల్ల రాత్రి కూర్చుని కడుక్కోవాలి, ఆ పనేదో నేను చేసి పెడదామనిపించింది. దేవుడి ఇత్తడి సామాను రోజూ తోమే చెయ్యి నాది. ముత్తమ్మను అడిగి పాత చింతపండు తీసుకుని నీళ్లలో నానేసి, పీచుతో ఒక్కొక్క చిప్పా తోమడం మొదలుపెట్టాను. సన్నటి బుడగలు వస్తుంటే మురికి వదులుతోంది అనుకున్నాను. అంచుల్లో మట్టి ఎక్కువ పట్టి ఉంటే అక్కడే ఇంకా గట్టిగా రుద్దాను. ఏడు చిప్పలు ముత్యాల్లా మెరిశాయి. ఎనిమిదోది చేతిలోకి తీసుకుంటుండగా సుజాత వచ్చింది.

సీసాలు కింద పెట్టి, నా చేతిలోని చిప్పను మెల్లగా తీసుకుంది. తర్వాత కడిగిన వాటిని ఒక్కొక్కటి ఎండకు ఎత్తి చూసింది.

"అంచు పోయింది అత్తమ్మా" అంది. "పులుపు సున్నాన్ని తినేస్తది. చివరి నెలలు దీంట్ల ఇగ లేవు."

అప్పుడు అర్థమైంది నాకు. ఆ బుడగలు మురికి కాదు. ఎవరో ఎన్నో తరాల కిందట ఏట్లో దిగిన నెలలు అవి, నా వేళ్ల మధ్య నుంచి నీళ్లలో కలిసిపోయాయి. పిల్ల తిట్టినా బాగుండేది. కళ్లనీళ్లు ఆపుకుంటూ అయిదు చిప్పలకు దూది చుట్టుకుంటోంది. ముత్తమ్మ మా ఇద్దరినీ చూసి, "ఇన్నేండ్లు వానకు ఎండకు ఓర్చుకున్నయ్, గార్డమ్మ చింతపండుకు ఓర్చుకోలె" అంది. సుజాతకు నవ్వు వచ్చింది. నాకు రాలేదు. మళ్లీ గుంట దగ్గరికి వెళ్లి అరగంట వెతికాం గాని ఒక్కటీ దొరకలేదు.

తిరిగి వచ్చి కూర్చున్నాక సుజాత నన్ను ఓదార్చడానికో ఏమో చెప్పింది. అయిదుతో కూడా నెట్టుకురావచ్చునట, అయితే ఆ అయిదు చెప్పే మాట నమ్మాలంటే పోల్చి చూడ్డానికి తేదీ తెలిసిన పాత చిప్ప ఒకటైనా ఉండాలట. ఫలానా నెలలో తీశామని మనకు ముందే తెలిసినదాన్ని యంత్రానికి ఇచ్చి, అది సరిగ్గా అదే చెప్తే అప్పుడు మిగతావాటికీ విలువ. కాని చిప్ప తీసిన రోజు ఎవరు రాసి పెట్టుకుంటారు అంది. నా దగ్గర ఉంది అన్నాను.

మంచం మీది నుంచి లేచి నడిచిన ఆ ఏడాది శ్రీరామనవమికి, మా వారు నన్ను కల్యాణం చూపించడానికి బండి కట్టించారు. బయల్దేరుతుంటే ముత్తమ్మ వచ్చి, అరచేయంత ఆల్చిప్పలో కుంకుమ పోసి నా చేతిలో పెట్టింది. ఆ చిప్ప అప్పటి నుంచీ నా దేవుడి గూట్లోనే ఉంది. కుంకుమ చిప్ప కాబట్టి ఎప్పుడూ చింతపండు తగలనివ్వలేదు, పొడిగుడ్డతో తుడవడమే. అంచు చెక్కుచెదరలేదు. నవమి అంటే చైత్రమే, తేదీ కూడా పంచాంగంలో దొరుకుతుంది. సుజాత ముఖం వెలిగింది. నేను ముత్తమ్మ వైపు తిరిగి, నవమి నాడే కదా ఇచ్చావు అన్నాను.

"అది ఇంక ఉంచినవా?" అంది ముత్తమ్మ.

"దేవుడి దగ్గర ఉంది."

"దేవుని కాడనా?" అని శాలువ కొస సర్దుకుంది. "అదెందుకు బిడ్డా, పాతది. వేరేది తెచ్చిస్త" అని సుజాతతో అంది. సుజాత వినలేదు. నవమి నాడే ఇచ్చావు కదా పెద్దమ్మా అని మళ్లీ అడిగితే, "అవ్, నవమి నాడే ఇచ్చిన" అని లేచి, మాకు చాయ్ పెట్టడానికి లోపలికి వెళ్లింది.

అయిదున్నరకు జీపు వచ్చింది. ఎక్కేటప్పుడు ముత్తమ్మ నా చెయ్యి పట్టుకుని, మంచిగ తింటున్నవా అని అడిగింది. శాలువ ఇంకా భుజాన్నే ఉంది. ఆ రాత్రికి భద్రాచలం సత్రంలో గది తీసుకున్నాం, ముప్పై రూపాయలు, శుభ్రంగానే ఉంది. పొద్దున్నే మొదటి బస్సుకు వచ్చేశాం. ఖమ్మంలో దిగగానే కుంకుమ వేరే భరిణెలోకి మార్చి, చిప్పను సుజాతకు ఇచ్చాను. దాని చోటు ఖాళీగా ఉంటే దీపం పెట్టినప్పుడల్లా చెయ్యి అక్కడికే పోయేది.

అలాంటి యంత్రాలు ఉన్న చోట్లు తక్కువ కావడంతో వరుస వచ్చేసరికి కార్తీకం అయింది. సుజాత ఉత్తరంతో పాటు చిప్ప కూడా తిరిగి వచ్చింది, అంచున బియ్యపుగింజంత గీరు ఉంది. దిబ్బలోని అయిదు చిప్పలూ వేసవివేనట. ముత్తమ్మ చెప్పిన కాలమే, అప్పటి వాళ్లదీను. అయితే, అని రాసింది సుజాత, నీ చిప్ప ఒక్కటే తేడా చెప్తోంది అత్తమ్మా. చైత్రంలో తీసినదైతే అంచులో ఎండల నీరు ఉండాలి, దీనిలో వానలు వెనకపట్టిన తర్వాతి నీరే ఉంది. పుష్యమాసం అటూ ఇటూ. రెండుసార్లు చూపించాం. తేదీ ఖాయమైతే మా పద్ధతే తప్పని అర్థం, ఆ అయిదూ కూడా పోయినట్టే అంటున్నారు సారు. బాగా గుర్తు తెచ్చుకుని రాయి.

ఏడు చిప్పలు చింతపండుతో పోగొట్టాను, ఇప్పుడు మిగిలిన వాటిని నా మాటతో పోగొట్టబోతున్నాను. పిల్ల కోసమని గుర్తు లేదంటే అబద్ధం అవుతుంది. ఆ రోజు బండి, బండికి కట్టిన మామిడాకులు, కుంకుమ, అన్నీ నాకు కళ్లకు కట్టినట్టు ఉన్నాయి. దేవుడి ముందు కాసేపు కూర్చుని లేచి, వసారాలో పేపరు చదువుతున్న మా వారి దగ్గరికి వెళ్లాను. నవమి నాడే కదండీ అని అడిగాను. ఉత్తరం చదివి, కళ్లజోడు తీసి పక్కన పెట్టారు.

"నువ్వూ తప్పు చెప్పలే, చిప్పా తప్పు చెప్పలే. ఇచ్చింది నవమి నాడు. తీసింది పుష్యంల" అన్నారు.

చలికాలం ఎవరూ దిగరని ముత్తమ్మే చెప్పింది కదా అన్నాను.

"బూర్గంపాడు డాక్టరు మాంసం రసం పట్టియ్యకుంటె మనిషి నిలువదన్నడు. నీకు చెప్తె తాగుతవా? ముత్తమ్మ వచ్చి, సారూ మీరు నోరు తెరవకుండ్రి, నేను చూస్త అన్నది. తొమ్మిది దినాలు తెల్లారంగనే గుల్లల కోసం ఏట్ల దిగింది, ఛాతి లోతు. నేను ఒడ్డు మీద మంట ఏసుకుని కూసునేది. వణుక్కుంట వచ్చి ఆ మంటకాడ కూసునేది."

"మరి దుంప?" అన్నాను.

"దుంప లేదు" అన్నారు.

నాకు ముందు గుర్తొచ్చింది భద్రాచలం మెస్సులో నేనడిగిన గరిటె. తర్వాత శాలువ. ఆ తర్వాత ముత్తమ్మ కోడలి కొంగు చాటు నవ్వు. కోపం వస్తుందేమోనని చూసుకున్నాను, రాలేదు. లేచి సుజాతకు ఉత్తరం రాశాను. మీ పద్ధతిలో తప్పు లేదు, చిప్పను పుష్యంలో తీశారు, నాకు చైత్రంలో ఇచ్చారు, దీనికి మీ మామయ్య సాక్షి అని. ఆ ఉత్తరం వాళ్ల సారు తన ఫైలులో పెట్టుకున్నారని తర్వాత తెలిసింది. వచ్చే ఏడు ఇంకో గుంటకు అనుమతి కూడా అడుగుతున్నారట. తర్వాత చిప్పను పొడిగుడ్డతో తుడిచి, కుంకుమ పోసి, గూట్లో పాత చోటే పెట్టాను. నాకు తెలియకపోయినా ఆ స్వామికి ఇరవై ఏళ్లుగా తెలుసు కదా. ఒక్క రోజైనా దాన్ని అక్కడి నుంచి తియ్యమనలేదు.

రేలపాడు వెళ్లినప్పుడు నా తొలి కాపురం ఇల్లు లేదని, మా వేపచెట్టు కొట్టేశారని బాధపడి వచ్చాను. నేను వెతుక్కున్నది నా వంటింట్లో, దేవుడి గూట్లో ఉంది. ఈ పుష్యంలో మళ్లీ వెళ్తాను. ముత్తమ్మను ఏమీ అడగను, ఆమె చెప్పొద్దనుకున్న మాట చెప్పించడం నాకు ఇష్టం లేదు. తెల్లవారగానే ఆ రేవులో మోకాళ్లలోతైనా దిగి, తొమ్మిది అంకెలు లెక్కపెట్టేదాకా నిలబడాలని ఉంది. మీరూ అటు వెళ్తే ఒక్క సంగతి గుర్తు పెట్టుకోండి. ఒడ్డున దొరికిన చిప్పను ఉత్త నీళ్లతోనే కడగండి, చింతపండు తగలనివ్వకండి. ఎవరైనా చేతికి ఇస్తే, ఏ రోజు ఇచ్చారో రాసుకుని ఊరుకోకండి. ఏ రోజు నీళ్లలో దిగి తీశారో కూడా అడిగి, ఆ చీటీ చిప్పలోనే మడిచి పెట్టుకోండి.